మూడు చప్పట్లు, నాలుగు ఖాళీలు

హర్షిత్ చప్పట్లు కొడితే సత్రం చూరు మీది పావురాలు లేచిపోతాయని వాళ్ల నానమ్మ వరమ్మ నలుగురిలో గర్వంగా చెప్పుకుంటుంది. ధనుర్మాసం భజనల్లో ఆరేళ్ల వయసు నుంచీ ముందు వరసలో కూర్చున్నవాడు మరి. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు, గోడకి వేలాడే బీటెక్ సర్టిఫికెట్టు, ఇన్‌స్టాలో పాటల గురించి రాసే ఓ పేజీ అన్నీ ఉన్నా, ఊళ్లో అతనికి పేరు తెచ్చినవి మాత్రం ఆ రెండు చేతులే.

ఆ రోజు కొంప ముంచినవీ అవే.

ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లో ఏలూరు బ్యాండు ‘కిక్కిస’ వాయిస్తోంది. వాళ్లది ప్రోగ్రెసివ్ రాక్. అంటే పాట ఎక్కడ మొదలైందో అందరికీ తెలుస్తుంది, ఎక్కడికి పోతుందో వాయించేవాళ్లకి తప్ప తెలియదు. వాళ్లవి రెండే ఆల్బమ్‌లు. మొదటిది ‘గేటు పడింది’. నాలుగేసి నిమిషాల పాటలు ఎనిమిది. రైల్వే గేటు దగ్గర బండి ఆపుకున్న కుర్రాళ్లందరూ అవే కూనిరాగాలు తీస్తారు. రెండోది ‘గెడ’. అందులో పాటలు మూడే. ఆల్బమ్ పేరే ఉన్న పాట ఒక్కటే ఇరవై రెండు నిమిషాలు.

ఆ ఇరవై రెండు నిమిషాల పాటలో నాలుగో నిమిషం నడుస్తుండగా డ్రమ్స్ ఒక్కటే మిగిలింది. హర్షిత్‌కి ఉత్సాహం ఆగలేదు. రెండు చేతులూ పైకెత్తి, భజనలో కొట్టినట్టు, ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని కొట్టడం మొదలుపెట్టాడు. వెనక మూడు వందల మంది అందుకున్నారు. డ్రమ్మర్ సాయికృష్ణ ముందు వరస కేసి బెదురుగా చూశాడు. చేయి తడబడింది. గిటారు ఓ దారిన పోయింది, కీబోర్డు ఇంకో దారి పట్టింది. పాట ఆగిపోయింది.

జనం పాట అయిపోయిందనుకుని ఈలలు వేశారు. హర్షిత్ అందరికంటే గట్టిగా వేశాడు.

పది నిమిషాల తర్వాత కీబోర్డు వాయించిన అమ్మాయి స్టేజీ దిగి నేరుగా అతని దగ్గరికొచ్చింది. పేరు మనస్వి. ఆ బ్యాండు పాటలన్నీ కట్టేది ఆ అమ్మాయే. నుదుటి మీద చెమట, కళ్లలో నిప్పులు. హర్షిత్‌కి ఆ కళ్లే ముందు కనబడ్డాయి, నిప్పుల సంగతి తర్వాత తెలిసింది.

“ముందు వరసలో చప్పట్లు కొట్టింది మీరేనా అండీ?”

“నేనేనండి,” అన్నాడు వినయంగా. “థాంక్సండి.”

“థాంక్స్ మీ దగ్గరే పెట్టుకోండి. పాట ముంచేశారు.”

“నేనా? జోష్ ఇచ్చానండీ!”

“అది ఏడు దెబ్బల పాట. మీరు నాలుగు కొట్టారు. మా సాయికృష్ణకి చెవుల్లో మీ చేతులు తప్ప ఇంకేం వినపడలేదు.”

హర్షిత్ పౌరుషం తక్కువ మనిషేం కాదు. “చప్పట్లకి కూడా చోటివ్వని పాట పాటేంటండీ? ‘గేటు పడింది’ చూడండి, వింటుంటే చేతులు వాటంతటవే లేస్తాయి. ‘గెడ’ వింటుంటే పరీక్ష హాల్లో కూచున్నట్టుంటుంది. నా పేజీలో అదే రాశాను. మొదటి ఆల్బమ్ ఇడ్లీ, రెండోది కొశ్చన్ పేపరు అని.”

ఆ అమ్మాయి ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. అది కోపంకంటే బాధగా ఉంది. “ఆ పోస్టు రాసింది మీరా?” అని నెమ్మదిగా అడిగింది. “నిన్న ఏలూరు క్లబ్బు సెక్రటరీ గారు అదే చూపించి, వచ్చే నెల ప్రోగ్రామ్‌లో ‘గెడ’ వద్దన్నారండి. మా మధుబాబు కాస్త ఆలోచించాడు. ఈ రోజు ఇక్కడ ఎలా సాగుతుందో చూసి చెప్తానన్నాడు.”

మధుబాబు ఆ బ్యాండులో పాడేవాడు, లీడరు. ఈ రోజు ఎలా సాగిందో హర్షిత్‌కి ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

“పోస్టు ఇప్పుడే డిలీట్ చేసేస్తానండి,” అంటూ ఫోను తీశాడు.

“వద్దు. మీకు నచ్చలేదు, రాశారు. అందులో తప్పేం లేదు. ఎన్నిసార్లు విన్నారు?”

“ఒకసారండి. అంటే... పదకొండు నిమిషాల దాకా.”

మనస్వి నవ్వేసింది. ఏడవాల్సిన మనిషి నవ్వితే చూసేవాడి గతి ఏమవుతుందో ఆ క్షణంలో హర్షిత్‌కి అయింది.

“మీరు కొట్లో ఉల్లిపాయ సగం కోసి బస్తా తిప్పి పంపేస్తారాండీ?” అని అడిగి వెళ్లిపోయింది. తనకి కొట్టుందని ఆమెకెలా తెలిసిందా అని హర్షిత్ చాలాసేపు ఆలోచించాడు. తర్వాత చూసుకుంటే, కొట్టు పేరు అచ్చేసిన టీషర్టే వేసుకొచ్చాడు.

*

మర్నాటి నుంచి హర్షిత్ ‘గెడ’ వినడం మొదలుపెట్టాడు. మార్కెట్ యార్డులో వేలం అరుపుల మధ్య విన్నాడు. లారీ దిగుమతి అవుతుంటే విన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం కాబట్టి ప్రతిసారీ నాలుగే లెక్కపెట్టాడు. లెక్క ప్రతిసారీ మధ్యలో జారిపోయింది. ఆరోసారి విన్నాక బ్యాండు పేజీకి మెసేజ్ పెట్టాడు. ‘ఒప్పుకుంటున్నానండి, నాకు రావట్లేదు. నేర్పిస్తారా?’

సాయంత్రానికి జవాబొచ్చింది. ‘ఆదివారం కైకలూరు రండి. తడిసినా పర్లేదనుకునే బట్టలతో.’

మనస్వి కైకలూరులో చేపల చెరువుల వాళ్లకి నీళ్లు పరీక్ష చేసిపెట్టే ల్యాబ్‌లో పనిచేస్తుంది. రోజూ ఏలూరు నుంచి బస్సులో వెళ్లి, దోనెలో చెరువు నడిమికి పోయి, సీసాలో నీళ్లు పట్టుకొస్తుంది. దోనె తోసే సుబ్బారావుకి యాభై దాటాయి. మాట తక్కువ. హర్షిత్‌ని కింది నుంచి పైదాకా చూసి, “ఈయనేనా అమ్మా చప్పట్లు?” అన్నాడు. సంగతి కొల్లేటి దాకా పాకిందన్నమాట.

“ఈయనేనండి బాబాయ్,” అంది మనస్వి. “కాస్త మధ్యలో కూచోండి హర్షిత్ గారూ. ఇది మీ కొట్టు బల్ల కాదు.”

దోనె కదిలింది. సుబ్బారావు చేతిలో పొడుగాటి వెదురు గెడ. నీళ్లలో దించి, నేలకి ఆనించి, మెల్లగా ఒంగి తోశాడు. తర్వాత గెడ ఎత్తకుండా ఊరుకున్నాడు. దోనె తనంతట తానే జారింది. మళ్లీ తోశాడు. మళ్లీ ఊరుకున్నాడు.

“లెక్కపెట్టండి,” అంది మనస్వి.

“ఒకటీ రెండూ మూడూ... తోయడం. నాలుగూ అయిదూ ఆరూ ఏడూ...” హర్షిత్ ఆగిపోయాడు. “ఏమీ చెయ్యట్లేదు కదండీ?”

“అదే పాట.”

“ఏది?”

“ఏమీ చెయ్యకపోవడం. మూడు దెబ్బలకి తోపు, నాలుగు దెబ్బలకి జారుడు. రెండేళ్లు ఈ దోనెలో రోజూ కూచుంటే అదే చెవిలో పడిపోయింది. ఇంటికెళ్లి వాయించుకుంటే పాటయింది.”

హర్షిత్‌కి ఇంకా నమ్మకం కుదరలేదు. గెడ అడిగి పుచ్చుకున్నాడు. తోశాడు. ఊరుకోలేక వెంటనే ఇంకోటి తోశాడు. దోనె ముందుకి పోవడం మానేసి గానుగెద్దులా ఉన్నచోటే తిరగడం మొదలెట్టింది. మనస్వి సీసాలు గుండెకి హత్తుకుని పకపకా నవ్వింది. గూడబాతొకటి దగ్గర్లో ఈదుతూ తల తిప్పి చూసి, ఈ గొడవ మనకెందుకని పక్కకి పోయింది.

“తోశాక వదిలెయ్యాలి బాబూ,” అన్నాడు సుబ్బారావు. “నీళ్లు చేసే పని నీళ్లని చెయ్యనియ్యాలి.”

అప్పుడే వాన మొదలైంది. ముందు నాలుగు చినుకులు, తర్వాత చెరువంతా. హర్షిత్ కంగారుపడి మళ్లీ తోయబోతే మనస్వి అతని మణికట్టు పట్టుకుని ఆపింది. “నాలుగూ... అయిదూ... ఆరూ... ఏడూ... ఇప్పుడు.”

తోశాడు. దోనె కత్తి దూసినట్టు నీళ్లలో సాగిపోయింది. ఆమె చెయ్యి ఇంకా అతని మణికట్టు మీదే ఉంది. ఆ నాలుగు ఖాళీల్లో ఎన్ని జరగొచ్చో హర్షిత్‌కి అర్థమైంది. వాన చప్పుడు, తడిసిన చున్నీ వాసన, ఆమె పెదాలు చప్పుడు లేకుండా లెక్కపెట్టడం. ఇన్నాళ్లూ ఇవన్నీ చప్పట్లతో కప్పెట్టుకుని బతికానే అని అతనికి తన మీద తనకే జాలేసింది.

“‘గేటు పడింది’లో కూడా ఇదుంది కదండీ!” అన్నాడు ఉన్నట్టుండి. “అందరం ఎగబడి పాడతామే, ఆ పల్లవికి ముందు మీరందరూ ఒక్క క్షణం ఆపేస్తారు. ఆ ఆపినందుకే మాకు పాడబుద్ధి వేస్తుంది. అదే ఖాళీని అక్కడ చిటికెడు పెట్టారు, ఇక్కడ ఇరవై రెండు నిమిషాలు పరిచేశారు. రెండూ ఒకే మనిషి చేసిన ఆల్బమ్‌లు. ఇన్నాళ్లూ ఎలా కనబడలేదండీ నాకు?”

మనస్వి సీసా మూత పెట్టడం మానేసి అతన్నే చూసింది. వాననీళ్లు రెప్పల మీంచి జారుతున్నా తుడుచుకోలేదు.

“ఆ మాట మా బ్యాండులో కూడా ఎవరూ అనలేదండి,” అంది. “అందరూ మొదటిదాన్ని నా మంచి పిల్లలా, రెండోదాన్ని చెడిపోయిన పిల్లలా చూస్తారు. మా నాన్నగారు సంగీతం మాస్టారు. ఆయన రెండూ వినరు. గోల అంటారు. ఏలూరులో ‘గెడ’ వాయించనియ్యకపోతే నేను మానేస్తానని మధుబాబుకి చెప్పేశాను. సగం పిల్లల్ని ఇంట్లో దాచి మిగతా సగాన్ని పెళ్లికి తీసుకెళ్లలేను.”

అక్కడికక్కడే ‘మీరంటే నాకిష్టం’ అనేద్దామని హర్షిత్‌కి నోటిదాకా వచ్చింది. పాట పోగొట్టినవాడు ముందు పాట తెచ్చివ్వాలి, ఆ తర్వాతే ఇంకోమాట అనుకుని మింగేశాడు. ఇంత ఓర్పు అతను జన్మలో పట్టలేదు.

*

మధుబాబు ఏలూరులో కాలవగట్టు పక్కన స్టూడియోలాంటి గదిలో దొరికాడు. హర్షిత్ ఉన్నదున్నట్టు చెప్పాడు. “ఆ రోజు పాట ఆపింది మీరు కాదండి. నా చేతులు. నేను కొత్త పోస్టు కూడా రాశాను, సెక్రటరీ గారికి చూపించాను. మీరు ఊఁ అంటే ఆయన ఊఁ అంటానన్నారు.”

“బాగానే ఉందండి,” అన్నాడు మధుబాబు. మనిషి చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. “మీ రెండు చేతులు కట్టేసుకుంటారు. మిగతా వెయ్యి చేతులో? మన జనానికి చప్పట్లు కొట్టకపోతే పాట విన్నట్టే ఉండదు. ఆ నాలుగో నిమిషం దగ్గర మళ్లీ అందుకుంటారు, మా సాయికృష్ణ మళ్లీ తడబడతాడు. కొట్టొద్దని బోర్డు పెట్టమంటారా?”

“కొట్టొద్దనకూడదండి. కొట్టించాలి.”

“ఏడు దెబ్బలకి ఎవరు కొడతారండీ ఏలూరులో?”

“ఏలూరులో సంగతి తెలీదు. గూడెంలో ఉన్నారు.”

మధుబాబు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి, “ఒక్కసారి వాయిస్తాం,” అన్నాడు. “మధ్యలో ఆగిందా, ఇక ఈ జన్మలో ఆ పాట స్టేజీ ఎక్కదు. ఆ మాట మనస్వికి మీరే చెప్పండి.”

చెప్పాడు. ఫోన్‌లోనే మనస్వి ఆ షరతు మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత, “సరేనండి,” అంది. “మిమ్మల్ని నమ్ముతున్నాను. నమ్మొచ్చాండీ?”

“నన్నొద్దు. మా నానమ్మని నమ్మండి.”

*

వరమ్మ భజన బృందంలో నలభై రెండు మంది. అందరూ మెయిన్ రోడ్డు కొట్లవాళ్ల ఇళ్ల ఆడవాళ్లు. శనివారం సత్రంలో భజన అయ్యాక హర్షిత్ ఫోను స్పీకరుకి తగిలించి ‘గెడ’ పెట్టాడు.

రెండు నిమిషాలు విని నాగవల్లి పిన్నిగారు, “ఒరేయ్ హర్షితూ, ఇది పాడయిందేమో చూడరా,” అంది.

“పాడవలేదు పిన్నీ. అదంతే.”

వరమ్మ మాత్రం కళ్లు మూసుకుని వింటోంది. డెబ్బై ఎనిమిదేళ్ల వేళ్లు మోకాలి మీద కదిలాయి. “తకిట తకధిమి. మిశ్రచాపు తాళం కదర్రా ఇది! దీనికింత బాధపడ్డారా?” అని కళ్లు తెరిచింది. “ఇందులో మూడు కొట్టి నాలుగు వదలాలి. వదలడమే కష్టం. చెయ్యి ఊరుకోదు.”

“అదే నానమ్మా నా బాధ.”

“నీకు చిన్నప్పుడే చెప్పాను, విన్నావు కాదు. చూడండర్రా. గో-విం-దా అని మూడు కొట్టండి. నా-రా-య-ణ అని నాలుగూ మనసులో అనుకోండి. చెయ్యి కదిలిందో, నారాయణుడి మాట మధ్యలో కోసేసినట్టే.”

దెబ్బకి కుదిరింది. నలభై రెండు మంది మూడు కొట్టారు, నలభై రెండు మంది ఊరుకున్నారు. ఆ ఊరుకోవడంలో సత్రం ఎంత నిశ్శబ్దంగా ఉందంటే బయట సోడాబండి గోళీ చప్పుడు వినపడింది.

మూడు శనివారాలు సాధన చేశారు. మూడోవారానికి నాగవల్లి పిన్నిగారు, “పదహారో నిమిషం దగ్గర ఆ పిల్ల కీబోర్డు భలే ఏడిపిస్తుందిరా,” అంటూ కళ్లొత్తుకుంది.

వెళ్లేముందు వరమ్మ మనవణ్ణి పక్కకి పిలిచింది. “ఆ పిల్ల పేరేవిటన్నావు?”

“నేనేం అనలేదు నానమ్మా.”

“నువ్వు నలభై రెండు మందికి బస్సు మాట్లాడావంటే అనడానికేం మిగిల్లేదు లేరా.”

*

ఏలూరులో ప్రోగ్రామ్ సాయంత్రం ఆరింటికి. హాలు నిండిపోయింది. వెనకంతా కాలేజీ పిల్లలు. ముందు మూడు వరసల్లో పట్టుచీరలు, మల్లెపూలు, చేతిసంచుల్లో పులిహోర పొట్లాలు. రాక్ ప్రోగ్రామ్‌కి దారితప్పి వచ్చారేమోనని వాలంటీర్లు రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లారు. నాలుగో వరస చివర మనస్వి వాళ్ల నాన్నగారు సోమసుందరం మాస్టారు చేతులు కట్టుకుని, పంటి డాక్టరు దగ్గర కూచున్నట్టు కూచున్నారు. కూతురు ఆఖరిసారి వాయిస్తోందేమోనని భార్య బతిమాలితే వచ్చారు.

ముందు ‘గేటు పడింది’ పాటలు నాలుగు వాయించారు. హాలు ఊగిపోయింది. హర్షిత్ కూడా మనసారా కొట్టాడు. మంచి పాటలకి కొట్టడానికి మొహమాటం దేనికి?

తర్వాత మధుబాబు మైకు దగ్గరికొచ్చి, “ఇప్పుడు ‘గెడ’,” అన్నాడు. వెనక కొంచెం గొణుగుడు. మనస్వి ముందు వరస కేసి ఒక్కసారి చూసింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. హర్షిత్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఒకటో నిమిషం. రెండు. మూడు. నాలుగో నిమిషం దగ్గర గిటారు తప్పుకుంది, కీబోర్డు తప్పుకుంది, డ్రమ్స్ ఒక్కటే మిగిలింది. అనుకున్నంతా అయింది. వెనక ఎవడో చేతులెత్తి ఒకటీ రెండూ మూడూ నాలుగూ అందుకున్నాడు. పదిమంది కలిశారు. యాభైమంది. సాయికృష్ణ తల ఎత్తాడు. ఆ బెదురు చూపు మళ్లీ.

“ఊఁ,” అంది వరమ్మ.

గో-విం-దా.

ఎనభై నాలుగు చేతులు ఒక్కసారి పడ్డాయి. తర్వాత ఏమీ లేదు. నాలుగు దెబ్బలు నిశ్శబ్దం. వెనకవాళ్ల చప్పట్లు ఆ నిశ్శబ్దంలో ఒంటరిగా పడి సిగ్గుపడ్డాయి. మళ్లీ మూడు. మళ్లీ నిశ్శబ్దం. సాయికృష్ణ చూపు పట్టుచీరల మీద నిలిచింది, భుజాలు సర్దుకున్నాయి, డ్రమ్ము కర్రలు మళ్లీ దారిన పడ్డాయి. మూడో చుట్టుకి ఉద్వేగం పట్టలేక నాగవల్లి పిన్నిగారు, “గోవిందా!” అని పైకే అనేసింది. హాలంతా గొల్లున నవ్వింది. నవ్వుతూనే నాలుగో చుట్టుకి వెనకవాళ్లు అందుకున్నారు. “గోవిందా!” మూడు చప్పట్లు. తర్వాత హాలు మొత్తం ఊపిరి బిగబట్టి నాలుగు దెబ్బలు ఊరుకుంది. మధుబాబు పాడాల్సిన చోట పాడటం మర్చిపోయి నోరు తెరుచుకుని చూశాడు.

ఆ నిశ్శబ్దంలోకి మనస్వి కీబోర్డు వచ్చింది. హర్షిత్ ఈసారి లెక్కపెట్టలేదు. చెరువు కనబడింది, వాన కనబడింది, పాట తనంతట తాను జారిపోతుంటే దాని మీద తేలుతూ కూర్చున్నాడు. పదకొండో నిమిషం ఎప్పుడు దాటిందో తెలియలేదు. పదహారో నిమిషంలో అతనికీ కళ్లు తడిశాయి. ఇరవై రెండో నిమిషంలో ఆఖరి మూడు దెబ్బలు పడి, ఆఖరి నాలుగు ఖాళీలు నడిచి, పాట నిండుగా, పూర్తిగా, ఎక్కడా ఆగకుండా ముగిసింది.

అప్పుడు మోగాయి చప్పట్లు. లెక్క లేదు, తాళం లేదు. హాలంతా లేచి నిలబడింది. “వన్స్ మోర్” అని వెనక పిల్లలు అరుస్తుంటే మధుబాబు, “ఏది? ‘గేటు’ పాటా?” అని అడిగాడు. “గెడ! గెడ!” అని కప్పు ఎగిరిపోయేలా అరిచారు.

మనస్వి కీబోర్డు వదిలి స్టేజీ అంచుకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని హర్షిత్ కేసి వంగింది. గెలిచిన ముఖం ఎలా ఉంటుందో అతను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

“హర్షిత్ గారూ, మీరు దోనెలో ఏదో చెప్పబోయి మింగేశారు. నేను చూశాను. మీరు చెప్పేదాకా ఆగే ఓపిక నాకు లేదు. నాకు మీరంటే ఇష్టం. చాలా ఇష్టం. తొందరేం లేదు, ఇరవై రెండు నిమిషాలు ఆలోచించుకుని చెప్పండి.”

“ఇరవై రెండు నిమిషాలా! నాకు నెల రోజుల నుంచీ ఇష్టమేనండీ,” అని అరిచేశాడు హర్షిత్.

ఆ అరుపు నలభై రెండు మందికీ వినబడింది. వాళ్లకి వినబడ్డాక ఏలూరుకి వినబడటం ఎంతసేపు. వరమ్మ చీరకొంగు సర్దుకుని నాలుగో వరసకేసి తిరిగింది. “మాస్టారూ, నమస్కారమండి. మాది గూడెంలో ఉల్లిపాయల కొట్టు. వీడు మా మనవడు. మీరేమంటారోనని...”

సోమసుందరం మాస్టారు కట్టుకున్న చేతులు ఎప్పుడు విప్పారో ఆయనకే తెలియదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. స్టేజీ మీద కూతుర్ని చూశారు, కింద హర్షిత్‌ని చూశారు.

“అమ్మా, మాట్లాడుకుందాం. ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి,” అన్నారు. పిలుపు మెత్తగా ఉన్నా ఆజ్ఞ మాత్రం మాస్టారిదే. “ముందు అందరూ కూర్చోండి. మా అమ్మాయి పాట మొదలవుతోంది.”

అని, కుడిచేయి తొడ మీద ఆనించి, మొదటి దెబ్బ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.